జపాన్ అప్పు, జపనీస్ రిపోర్టు, మన చెరువు

ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్‌కు మెట్రో వస్తుందన్న ముచ్చట ఎక్కడ లేచినా దాని వెనకే మరో మాట లేస్తుంది. చైతన్యపురిలో కాలనీ సంఘం మీటింగైనా, కొత్తపేటలో చాయ్ బండి దగ్గరైనా, సాయంత్రం టీవీ చర్చయినా అదే మాట. "జైకా వాళ్ళో ఏడీబీ వాళ్ళో పైసలిస్తే మంచిది సార్. వాళ్ళు ఊరికే వదలరు. మూణ్ణెల్లకోసారి రిపోర్టు అడుగుతారు. మన సర్కారు డబ్బంటే అడిగే దిక్కుండదు." రిటైరైన ఇంజనీర్లు తలూపుతారు. పత్రికలు కూడా విదేశీ రుణం మంజూరైందంటే మొదటి పేజీలో వేస్తాయి, అప్పు దొరకడమే ఓ యోగ్యతాపత్రమన్నట్టు.

ఈ నమ్మకం తప్పు. సగమే తప్పు అంటే మర్యాదగా ఉంటుంది గానీ, మనకు అవసరమైన సగమే అందులో తప్పు.

ఇప్పుడే ఎందుకు తగువు పెట్టుకోవాలంటే, లెక్క పెద్దది. 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన మెట్రో రెండో దశ 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు. అందులో ఎల్బీ నగర్–హయత్‌నగర్ మార్గం 7.1 కిలోమీటర్లు. నాగోల్ నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి వెళ్ళేది 36.8. అంటే ప్రతిపాదనలో సగానికి పైగా దూరం మన వైపు నుంచే మొదలవుతుంది. ఖర్చులో 48 శాతం జపాన్ సహకార సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ), బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు లాంటి చోట్ల అప్పు తేవాలని ప్రణాళిక. ఆ అప్పు ఎప్పుడు, ఎవరి దగ్గర పుడుతుందన్నది వేరే కథ. పుట్టాక దాని మీద వచ్చే రిపోర్టులు ఎవరికి, ఏం చెబుతాయన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. విదేశీ అప్పు నేరుగా హైదరాబాద్‌లో దిగదు. సంతకం పెట్టేది కేంద్ర ఆర్థిక శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం. విదేశీ సాయం లెక్కలు, ఆడిట్ చూడటానికి దాని కిందే ప్రత్యేకంగా ఓ కంట్రోలర్ కార్యాలయం ఉంది. చాలా పథకాల్లో రాష్ట్రం ముందు ఖర్చు పెట్టి, కాగితాలు పంపి, తర్వాత ఆ డబ్బు రాబట్టుకోవాలి. ప్రతి బిల్లు వెనకా మెజర్‌మెంట్ బుక్కు ఉండాలి. ఏటా ఆడిట్ అవుతుంది. పెద్ద టెండరైతే అప్పిచ్చినవాడు సరే అనందే ముందుకు కదలదు. అక్రమాలు చేసిన కంపెనీలను ప్రపంచ బ్యాంకు వెలివేసి ఆ జాబితా అందరికీ కనబడేలా పెడుతుంది. వార్డు స్థాయిలో రోడ్డు పని చేసే కాంట్రాక్టరుకు అలాంటి భయం లేదన్న మాట నిజమే. డబ్బు ఏ దారిన వెళ్ళిందో చూడటంలో విదేశీ అప్పు పథకాలు మన మామూలు పనులకన్నా గట్టివే.

అయితే ఈ కాపలా అంతా రూపాయి మీద. ఆ రూపాయితో ఏం జరిగిందన్నదాని మీద కాదు.

పథకాన్ని నడిపే పీఎంయూ ఆఫీసు నుంచి ప్రతి త్రైమాసికానికీ వెళ్ళే రిపోర్టుకు రెండు వెన్నెముకలు: ఫైనాన్షియల్ ప్రోగ్రెస్, ఫిజికల్ ప్రోగ్రెస్. మొదటిది ఎంత ఖర్చయిందో చెబుతుంది. రెండోది ఎన్ని మీటర్ల పైపు వేశారో, ఎన్ని పిల్లర్లు లేపారో, ఎంత పూడిక తీశారో చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల గడ్డ కాబట్టి ఇక్కడివాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. నల్గొండ నుంచి కొడుకును గ్రూప్స్‌ కోచింగ్‌కు పంపిన తండ్రికి, సెంటర్ వాళ్ళు నెలనెలా "సిలబస్ 92 శాతం పూర్తి, ఫీజు వంద శాతం వసూలు" అని మెసేజ్ పెడితే ఆయన ఊరుకుంటాడా? మావాడికి మార్కులెన్ని అని అడుగుతాడు. విదేశీ అప్పు రిపోర్టుల దగ్గరికి వచ్చేసరికి మనం ఆ తండ్రిపాటి తెలివి కూడా చూపడం లేదు. 92 శాతం అని చదివి పేపరు మడిచేస్తున్నాం.

హుసేన్ సాగర్‌ను చూడండి. ఆ చెరువునూ దాని పరీవాహక ప్రాంతాన్నీ బాగుచేయడానికి 2006 మార్చిలో జపాన్‌తో రుణ ఒప్పందం జరిగింది. 772.9 కోట్ల యెన్లు. అప్పుడు ఇచ్చింది జపాన్ అంతర్జాతీయ సహకార బ్యాంకు, 2008లో ఆ వ్యవహారం జైకా చేతికొచ్చింది. ఇక్కడ పని చేయించింది నగరాభివృద్ధి సంస్థ హుడా, తర్వాత దాని చోట వచ్చిన హెచ్‌ఎండీఏ. మురుగు చెరువులో పడకుండా దారి మళ్ళించడం, శుద్ధి కేంద్రాలు, నాలాలు కలిసే చోట పూడిక తీత, గట్టు పనులు అందులో ఉన్నాయి. ఖర్చు అయింది, పనులు కూడా జరిగాయి. జరగలేదని ఎవరూ అనడం లేదు. కానీ 2015లో రాష్ట్ర ప్రభుత్వమే, హుసేన్ సాగర్‌ను మొత్తం ఖాళీ చేసి అడుగు మట్టి తీస్తే తప్ప లాభం లేదని ప్రకటించాల్సి వచ్చింది. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చే మురుగు మళ్ళీ చర్చకొచ్చింది. అప్పు తెచ్చి బాగుచేసిన చెరువును పదేళ్ళు తిరక్కుండానే ఖాళీ చేయాలన్నారంటే, మధ్యలో ఇన్నేళ్ళు పైకి వెళ్ళిన పురోగతి అంకెలు దేని పురోగతిని కొలిచినట్టు? పైపు మీటర్లు పెరుగుతూ పోవచ్చు, చెరువు వాసన అలాగే ఉండొచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడానికి రిపోర్టులో అడ్డేమీ లేదు. అసలు జబ్బు అక్కడే ఉంది.

హుసేన్ సాగర్ మనకు దూరమనుకుంటే సరూర్‌నగర్ దగ్గరే. కుతుబ్‌షాహీల నాటి చెరువు, దిల్‌సుఖ్‌నగర్ వీపుకు ఆనుకుని ఉంటుంది. నగర చెరువుల కోసం నెదర్లాండ్స్ రాయబార కార్యాలయం సాయంతో హుడా ఓ పర్యావరణ కార్యక్రమం నడిపింది, గ్రీన్ హైదరాబాద్ పేరిట. సరూర్‌నగర్ చెరువుకు హుడా మరమ్మతులు చేసిందీ ఆ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే, 2003లో, చిన్న దాతల సాయం ఇక అక్కర్లేదని భారత ప్రభుత్వం చెప్పేసింది. జపాన్, బ్రిటన్, అమెరికా, జర్మనీ, రష్యా, ఐరోపా సంఘం ఉంటే చాలన్నారు. నెదర్లాండ్స్ వెళ్ళేవాళ్ళ జాబితాలో పడింది. దేశ గౌరవం దృష్ట్యా అది సరైన నిర్ణయమో కాదో వాదించుకోవచ్చు. నా మాట మటుకు వేరు: దాత వెళ్ళిపోయినప్పుడు దాతకు పంపే రిపోర్టు కూడా వెళ్ళిపోతుంది. చెరువు ఇక్కడే ఉంటుంది, చుట్టూ జనం ఉంటారు, మురుగు వస్తూనే ఉంటుంది. ఆ పని ఎలా ఉందని అడిగే హక్కు మొదటి నుంచీ ఒక్కరికే రాసిచ్చారు, ఆ ఒక్కరూ సామాను సర్దుకుని పోయారు.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఎవరూ మరిచిపోలేదు. సరూర్‌నగర్ చెరువు నిండి కోదండరాం నగర్ నీళ్ళలో మునిగింది. ఆ వరదకు విదేశీ సాయం పథకాలే కారణమనడం లేదు. పై చెరువులు తెగడం, నాలాలు కుంచించుకుపోవడం, వాన రికార్డు స్థాయిలో పడటం, అన్నీ ఉన్నాయి. కానీ చెరువు బాగుపడిందని చెప్పే కాగితంలో గట్టు సొగసు, వాకింగ్ ట్రాక్, కంచె లెక్కకొచ్చినంతగా అలుగు నుంచి మూసీదాకా నీళ్ళు ఎంత వేగంగా పోగలవన్నది లెక్కకు రాలేదంటే, ఆ కాగితం రాసినవాళ్ళు గట్టు మీద నిలబడి చూసి ఉంటారు, గట్టు కింద ఇల్లున్నవాళ్ళను అడిగి ఉండరు.

ఇదేదో బయటివాళ్ళ ఆక్రోశమనుకోవద్దు. అప్పిచ్చేవాళ్ళ ఇంట్లోవాళ్ళకే ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1992లో ప్రపంచ బ్యాంకు తన పథకాల తీరు మీద తానే వేసుకున్న సమీక్ష ఉంది, వాపెన్‌హాన్స్ నివేదిక అంటారు. 1981లో పూర్తయిన పథకాల్లో 15 శాతం సంతృప్తికరంగా లేవని తేలితే, 1991 నాటికి ఆ లెక్క 37.5 శాతానికి పెరిగిందని అది చెప్పింది. కారణం కూడా దాచలేదు: అప్పు మంజూరు చేయించడమే గొప్పగా చలామణి అయ్యే వాతావరణం. బ్యాంకు స్వతంత్ర మూల్యాంకన విభాగం ఇప్పటికీ ఓ తేడాను కొలుస్తూ ఉంటుంది. పని నడుస్తుండగా సిబ్బంది ఇచ్చుకున్న రేటింగుకూ, అంతా అయ్యాక మూల్యాంకనం ఇచ్చిన రేటింగుకూ మధ్య ఉన్న తేడా. ఆ తేడాను కొలవడానికి విడిగా ఓ పద్ధతి పెట్టుకోవలసి వచ్చిందంటేనే, మధ్యలో వచ్చే రిపోర్టులు ఎటు మొగ్గుతాయో అర్థమవుతుంది. మన చాయ్ బండి దగ్గర మాత్రం ఆ మధ్యలో వచ్చే రిపోర్టులే దేవుడి వాక్కు.

ఎందుకు మొగ్గుతాయి? అందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. మంజూరై వాడని అప్పు మీద కూడా రుసుము కట్టాలి. ప్రపంచ బ్యాంకు ఏటా పావు శాతం తీసుకుంటుంది, ఏడీబీ ఇంకాస్త తక్కువ. మన దేశం ఇలా వాడని డబ్బుకు రుసుము కడుతోందని కాగ్ మళ్ళీ మళ్ళీ ఎత్తిచూపింది. దాంతో ఢిల్లీ నుంచి ఒత్తిడి ఒక్కటే: ఖర్చు పెట్టండి. అప్పిచ్చినవాడి ఆఫీసులో అధికారికీ అదే ఒత్తిడి. రిపోర్టు రాసే పీఎంయూ కన్సల్టెంటు జీతం ఆ పథకం నుంచే వస్తుంది. ముగ్గురికీ ఖర్చే పురోగతి. ముగ్గురూ నిజాయితీపరులే అయినా సరే, వాళ్ళు కలిసి రాసే కాగితంలో చెరువు వాసన ఎలా వస్తుంది?

ఇక ఎవరికి చెబుతున్నారన్నది. ఇదే నన్ను ఎక్కువగా మండించే విషయం.

అప్పు తీర్చేది ఎవరు? 2005 ఏప్రిల్ వరకూ విదేశీ సాయాన్ని కేంద్రం కొంత గ్రాంటుగా, కొంత అప్పుగా కలిపి రాష్ట్రాలకు ఇచ్చేది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసుతో పద్ధతి మారింది. ఇప్పుడు ఏ షరతులతో అప్పు వచ్చిందో అవే షరతులతో రాష్ట్రానికి బదిలీ అవుతుంది. యెన్ విలువ పెరిగినా, డాలరు పెరిగినా ఆ నష్టం రాష్ట్ర ఖజానాది. అంటే హుసేన్ సాగర్ అప్పును దశాబ్దాల పాటు తీర్చేది హయత్‌నగర్‌లో పెట్రోలు పోయించుకునేవాడూ, మలక్‌పేటలో బట్టల కొట్టు నడిపేవాడూ. అప్పు తీర్చేవాడికి రిపోర్టు ఎక్కడ?

జైకా మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. పథకం మొదలవకముందే ఏ సూచికలు ఎంత మారాలో రాసిన మూల్యాంకనాన్ని అది బయట పెడుతుంది. పని పూర్తయ్యాక బయటి నిపుణులతో మళ్ళీ చూపించి, ఆ రిపోర్టునూ బయట పెడుతుంది. ఇది మన చాలా శాఖలకు రాని పద్ధతి. ఆ రిపోర్టులు ఇంగ్లిషులో ఉంటాయి, జపనీస్‌లో ఉంటాయి. ఒసాకాలో పన్ను కట్టేవాడు హైదరాబాద్ చెరువు సంగతి తన భాషలో చదవగలడు. ఆ అప్పు తీర్చే సరూర్‌నగర్ మనిషి చదవలేడు. జపాన్ ప్రభుత్వం తన ప్రజలకు జవాబు చెప్పుకుంటోంది, అది దాని ధర్మం. మనకు జవాబు చెప్పవలసింది జపాన్ కాదు, మన సర్కారు. ఆ సర్కారు మాత్రం మన పేరు మీద అప్పు తెచ్చి, లెక్క టోక్యోకు అప్పజెప్పి, "చూశారా, ఎంత పారదర్శకమో" అని మనకే చెబుతోంది.

పని మొదలయ్యే ముందు పర్యావరణ, పునరావాస పత్రాల సారాంశం కొన్నిసార్లు తెలుగులో వస్తుంది, నిజమే. భూమి తీసుకోవాలి కాబట్టి వస్తుంది. భూమి చేతికొచ్చాక తెలుగు అవసరం తీరిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ నమ్మకం దగ్గరికి వద్దాం: విదేశీ డబ్బుకే లెక్క గట్టిగా ఉంటుంది, మన డబ్బుకు ఉండదు. దీన్ని కూల్చే ఉదాహరణ ఎక్కడో లేదు, తెలుగు పల్లెల్లోనే ఉంది. ఉపాధి హామీ పథకానికి 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రభుత్వమే విడిగా ఓ సొసైటీని పెట్టింది. కూలీల ఇళ్ళ పిల్లలకే శిక్షణ ఇచ్చి, వాళ్ళ చేత ఇంటింటికీ మస్టర్లు తీసుకెళ్ళి చదివించారు. "నీ పేరు మీద ఇన్ని రోజులు పని, ఇంత కూలి రాశారు, నీకు వచ్చిందా?" అని అడిగారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారిని కూర్చోబెట్టి, తేడాలు తెలుగులో, మైకులో, అందరి ముందూ చదివారు. దొరికిన అక్రమాల్లో వసూలైన డబ్బు చాలా తక్కువన్నది కూడా చెప్పాలి. అయినా లెక్క ఎవరి ముందు చదవాలన్న ప్రశ్నకు ఆ పథకం సరైన జవాబిచ్చింది. అది అచ్చంగా మన పన్ను డబ్బు. నారాయణపేట వైపు చదువురాని కూలిమనిషికి తన రోజుకూలి లెక్క వినే హక్కు దక్కింది. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీలున్నవాళ్ళకు తమ ఊరి చెరువు మీద తెచ్చిన యెన్ల లెక్క వినే హక్కు లేదు. ఏది గట్టి లెక్క?

విదేశీ సంస్థల దగ్గర కూడా కింది నుంచి మాట వెళ్ళే కిటికీ ఒకటుంది, అదీ వాళ్ళు తమంత తాము తెరిచింది కాదు. నర్మద లోయలో ఆనకట్టకు అప్పిచ్చిన గొడవ బ్యాంకు పరువు తీశాక, 1993లో ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పుట్టింది. 2017లో ఆంధ్ర రాజధాని అమరావతికి అడిగిన అప్పు మీద అక్కడి రైతులు కొందరు దాని తలుపు తట్టారు. విచారణ జరపాలని ప్యానెల్ సిఫారసు చేసింది, అది తేలకముందే 2019 జులైలో కేంద్రం ఆ అప్పు ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. 2024 డిసెంబర్‌లో అదే రాజధానికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అమరావతి కట్టాలా వద్దా అన్న తగువులోకి నేను దిగడం లేదు. చూడవలసింది ఒక్కటే: ఆ రైతుల గోడు ఏ త్రైమాసిక రిపోర్టులోంచీ పైకి రాలేదు. వాళ్ళు స్వయంగా ఫిర్యాదు రాసుకుంటే వచ్చింది. రిపోర్టు వ్యవస్థ పనిచేస్తే ఫిర్యాదు పెట్టె దాకా ఎందుకు పోవాలి?

"ఈ రిపోర్టులు వందల పేజీలు సార్, మామూలు జనానికి ఏం అర్థమవుతాయి?" అని ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఎక్కువగా రిపోర్టులు రాసేవాళ్ళ నుంచే వస్తుంది. వందల పేజీలు ఎవరడిగారు? పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేవాడికి కావలసింది నాలుగు ముక్కలు. పటాన్‌చెరు నుంచి పెద్ద అంబర్‌పేట దాకా 71 కిలోమీటర్ల భాగానికి జైకా అప్పు వాడారు, రెండు విడతలు కలిపితే 8 వేల కోట్ల యెన్లు దాటింది. ఇంకా ఎంత బాకీ ఉంది? 2023లో రోడ్డు మొత్తాన్ని 30 ఏళ్ళకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు కదా, ఆ సొమ్ములో అప్పుకు ఎంత జమైంది? టోలు లీజుదారు తీసుకుంటే, కిస్తీ ఎవరు కడుతున్నారు? ఆ లీజు మీద రాష్ట్రంలో రాజకీయం బోలెడు నడిచింది, నడిచిందంతా టెండరు ధర చుట్టూనే. ఈ మూడు ప్రశ్నలు అర్థం కాని మామూలు మనిషిని నేను ఎల్బీ నగర్‌లో చూడలేదు. ఇక్కడ చిట్టీ పాడేవాళ్ళు ఇంతకన్నా జటిలమైన లెక్కలు నోటితో వేస్తారు.

చట్టం కూడా ఈ సాకును ఒప్పుకోదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, ఎవరూ దరఖాస్తు పెట్టకముందే సమాచారం బయట పెట్టాలంటుంది. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని అదే సెక్షన్ నాలుగో ఉపనిబంధన చెబుతుంది. అప్పు పథకాలకు ఇందులో మినహాయింపేమీ రాసి లేదు. బాండ్లు కొన్నవాళ్ళకు జీహెచ్‌ఎంసీ లెక్క చెబుతుంది, స్టాక్ ఎక్స్చేంజీ నియమం కాబట్టి. 2018లో అది 200 కోట్ల బాండ్లు అమ్మినప్పుడు ఆ బాధ్యత నెత్తినేసుకుంది. పెట్టుబడి పెట్టినవాడికి చెప్పగలిగినది పన్ను కట్టేవాడికి చెప్పడం చేతకాదంటే ఎవరు నమ్ముతారు?

రిపోర్టులు పెరిగితే పని నిదానమవుతుందని ఇంకో వాదం. పెంచమని ఎవరూ అనలేదు. ఒక రిపోర్టు తగ్గించి, ఆ స్థానంలో చౌరస్తా బోర్డు పెట్టమంటున్నాం.

అందుకని హయత్‌నగర్ మెట్రో అప్పు వస్తే సంబరం చేసుకునే ముందు కాలనీ సంఘాలు అడగవలసినవి ఉన్నాయి. ఒప్పందంలో పురోగతిని దేనితో కొలుస్తారు? పిల్లర్లతోనా, లేక పనామా గోడౌన్స్ నుంచి చింతల్‌కుంట దాకా సాయంత్రం ఆరింటికి బస్సు పట్టే సమయంతోనా? ఛార్జీ ఎంతుంటే వనస్థలిపురంలో ఇంటిపనికి వచ్చే మనిషి ఎక్కగలదని లెక్క వేశారు? స్టేషన్ నుంచి ఇంటికి చేరడానికి ఆటోకు ఎంతవుతుందో అందులో కలిపారా? పని ముగిసిన రెండేళ్ళకు మళ్ళీ వచ్చి ఇవే అంకెలు ఎవరు కొలుస్తారు, కొలిచి ఎవరి ముందు చదువుతారు? విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లోనో ఎల్బీ నగర్ స్టేషన్‌లోనో ప్రకటనల మధ్య ఓ తెలుగు బోర్డుకు చోటు దొరక్కపోదు. అప్పు ఎంత, బాకీ ఎంత, చెప్పిన అంకె ఎంత, వచ్చిన అంకె ఎంత అని ఆరు నెలలకోసారి మార్చి రాస్తే చాలు.

ఇవన్నీ సంతకాలకు ముందే తేలాలి. ఒప్పందం అయ్యాక అడిగితే పీఎంయూ నుంచి వచ్చే జవాబు ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు: సూచికలు ఖరారైపోయాయి, మార్చాలంటే బ్యాంకు అనుమతి కావాలి.